స్వీడన్ రక్షణ పరిశ్రమ: కోతల కాలంలో పోయినవి, మిగిలినవి

అధ్యక్షులవారికి, సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

తెలుగునాట నా వయసు వాళ్లకు స్వీడన్ అనగానే ముందు గుర్తొచ్చేది నోబెల్ బహుమతి కాదు, బోఫోర్స్. 1986 మార్చిలో మన ప్రభుత్వం 410 హోవిట్జర్ ఫిరంగులకు ఒప్పందం చేసుకుంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో స్వీడిష్ రేడియో ముడుపుల సంగతి బయటపెట్టింది. 1989 ఎన్నికల్లో ఎన్.టి. రామారావు గారు అధ్యక్షులుగా ఉన్న నేషనల్ ఫ్రంట్ ఊరూరా వినిపించిన పేరు అదే. ఆ కుంభకోణాన్ని తిరగతోడడం ఈ రోజు నా ఉద్దేశం కాదు. అప్పట్లో ఎవరూ పెద్దగా అడగని ప్రశ్న ఒకటి ఉంది. ఏ కూటమిలోనూ చేరకుండా, శాంతి గురించి ప్రపంచానికి బోధించిన, కోటి జనాభా కూడా లేని ఒక దేశం మనకు ఫిరంగులు అమ్మడానికి అంత ఆరాటపడవలసిన అవసరం ఎందుకు వచ్చింది? సమాధానం స్వీడన్ లెక్కల పుస్తకంలోనే ఉంది. కార్ల్స్‌కూగా పట్టణంలోని బోఫోర్స్ కార్ఖానాకు ఏడాది పొడవునా పని కల్పించేటంత సైన్యం స్వీడన్‌కు లేదు. కార్ఖానా మూతపడితే యుద్ధం వచ్చిన నాడు ఫిరంగి ఇచ్చే దిక్కు ఉండదు. అందుచేత పరాయి దేశాల ఆర్డర్లతో కార్ఖానాను బతికించుకోవలసి వచ్చింది. నేను మాట్లాడబోయే విషయమంతా ఈ ముడి చుట్టూ తిరుగుతుంది.

ఈ ముడి ఎలా పడిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక ఇక పెద్ద యుద్ధాలు రావన్న నమ్మకంతో స్వీడన్ పార్లమెంటు రిక్స్‌డాగ్ 1925లో సైన్యాన్ని భారీగా కుదించింది, అనేక రెజిమెంట్లను రద్దు చేసింది. జర్మనీ తిరిగి ఆయుధాలు కూడగట్టుకుంటున్న వేళ, 1936లో ఆ నిర్ణయాన్ని తిరగరాసింది. అయితే 1936లో మంజూరైన డబ్బు 1939కల్లా విమానాలుగా మారలేదు. యుద్ధం మొదలవడానికి కొద్ది రోజుల ముందు, 1939 ఆగస్టులో, ప్రధాని పెర్ ఆల్బిన్ హాన్సన్ మన సన్నద్ధత బాగుందని ప్రజలకు ధైర్యం చెప్పారు. ఉన్న స్థితికీ ఆ మాటకూ పొంతన లేదని స్వీడన్ చరిత్రకారులు నేటికీ చెబుతుంటారు. 1940లో మరో దెబ్బ తగిలింది. స్వీడన్ ఆర్డర్ చేసిన యుద్ధవిమానాల్లో ఇంకా అందవలసిన వాటిని అమెరికా తన సైన్యం కోసమే అట్టిపెట్టుకుంది. తటస్థంగా ఉండదలచిన దేశం ఆయుధం కోసం మరొకరి గుమ్మం దగ్గర నిలబడకూడదన్న నిశ్చయం స్వీడన్ పాలకుల్లో బలపడింది అప్పుడే. 1937లో పుట్టిన సాబ్ అనే విమానాల కంపెనీ ఆ తరవాతి అర్ధశతాబ్దం పాటు ఆ నిశ్చయానికి చేతులూ కాళ్లూ అయింది.

ప్రచ్ఛన్నయుద్ధ కాలపు స్వీడన్‌ను ఇప్పటి స్వీడన్‌తో పోల్చి చూస్తే రెండు వేరు దేశాల్లా కనిపిస్తాయి. 1960ల తొలి ఏళ్లలో స్థూల దేశీయోత్పత్తిలో దాదాపు 4 శాతం రక్షణకు పోయేది. నిర్బంధ సైనిక శిక్షణ పొందిన మగవాళ్లందరినీ పిలిస్తే సమీకరణ బలం ఎనిమిది లక్షల దాకా ఉండేది. స్టాక్‌హోమ్‌కు దక్షిణాన ముస్కో ద్వీపంలో కొండను తొలిచి, యుద్ధనౌకలు లోపలికే వచ్చి ఆగేలా నౌకాస్థావరం కట్టారు. జాతీయ రహదారులపై విమానాలు దిగి, ఇంధనం నింపుకుని, మళ్లీ ఎగిరేలా రోడ్లను తీర్చారు. 70 లక్షల మందికి చోటిచ్చే పౌర ఆశ్రయాలు అపార్ట్‌మెంట్ల కింద, బడుల కింద సిద్ధమయ్యాయి. తటస్థత అన్నది పైమాట మాత్రమేననీ, నాటో దేశాలతో లోపాయకారీగా ఏర్పాట్లు ఉన్నాయనీ ప్రభుత్వం నియమించిన విచారణ సంఘమే 1994లో తేల్చింది. అయినా ఆయుధాల వరకు స్వయంపోషకత్వం నిజంగానే ఉండేది. ఫిరంగి బోఫోర్స్‌ది, విమానం సాబ్‌ది, జలాంతర్గామి మాల్మో రేవులోని కాకుమ్స్‌ది, యుద్ధవాహనం ఉత్తరాన ఓర్న్‌షోల్డ్‌స్విక్‌లోని హెగ్లండ్స్‌ది.

ఈ వ్యవస్థను ఎవరో అవివేకులు కూల్చేశారని చెప్పడం తేలిక. నేను ఆ మాట అనను. 1990ల ఆరంభంలో స్వీడన్ బ్యాంకులు కుప్పకూలాయి. కరెన్సీని నిలబెట్టే ప్రయత్నంలో 1992 సెప్టెంబరులో కేంద్రబ్యాంకు ఒక కీలక వడ్డీరేటును 500 శాతానికి పెంచింది. నిరుద్యోగం రెండంకెలకు చేరువైంది. అదే సమయంలో సోవియట్ యూనియన్ అంతరించింది, 1994కల్లా రష్యా సేనలు బాల్టిక్ దేశాలను వదిలి వెళ్లాయి. ఖజానా ఖాళీ, ఎదుట శత్రువు లేడు. అటువంటప్పుడు పింఛన్లకూ ఆసుపత్రులకూ కోత పెట్టి టాంకులకు డబ్బివ్వండని ఏ ఆర్థికమంత్రి అడగగలడు? రక్షణ వ్యయం తగ్గించడం ఆనాటి పరిస్థితుల్లో సహేతుకమైన నిర్ణయం. నా అభ్యంతరం తగ్గించిన మొత్తం మీద కాదు, తగ్గించడానికి ఏరుకున్న వాటి మీద. కరువులో రైతు తిండిగింజలు సగానికి తగ్గించుకోవచ్చు. విత్తనాలు వండుకుంటే మాత్రం వానొచ్చినా పొలం పండదు. స్వీడన్ మొదటి పనితో మొదలుపెట్టి, తనకు తెలియకుండానే రెండో పనిలోకి జారుకుంది.

2000, 2004 సంవత్సరాల్లో రిక్స్‌డాగ్ చేసిన రెండు రక్షణ తీర్మానాలు ఆ జారుడుకు మెట్లు. దేశాన్ని దేశం లోపలే కాపాడుకోవడం ఇక అవసరం లేదనీ, చిన్న వృత్తిసైన్యం బాల్కన్లలోనో ఆఫ్ఘనిస్తాన్‌లోనో అంతర్జాతీయ బాధ్యతలు నిర్వర్తిస్తే చాలుననీ వాటి సారాంశం. పాత తీరరక్షణ ఫిరంగిదళం రద్దయింది. రెజిమెంట్లు వరసగా మూతపడ్డాయి, బారకాసులూ గోదాములూ స్థలాలూ అమ్ముడుపోయాయి. బాల్టిక్ సముద్రం నడిబొడ్డున ఉన్న గోట్లండ్ ద్వీపం నుంచి 2005లో శాశ్వత దళాన్ని తొలగించారు. పటం తెరిచి చూస్తే ఆ ద్వీపం విలువ తెలుస్తుంది. రష్యా నౌకాదళం ఉన్న కలినిన్‌గ్రాద్ అక్కడికి మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. గోట్లండ్‌లో విమాన విధ్వంసక క్షిపణులు ఎవరు నిలబెడితే వాళ్లు ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియాలకు వెళ్లే ఆకాశమార్గాన్ని శాసించగలరు. 2010లో నిర్బంధ సైనిక శిక్షణను నిలిపివేశారు. అంతకు మించిన నష్టం కాగితాల మీద కనిపించనిది. సమీకరణ జాబితాలు, ఏ లారీ ఏ ఊరి నుంచి రావాలి, ఏ డాక్టరు ఏ పటాలానికి పోవాలి అని రాసుకున్న లెక్కలు, వాటిని నడిపిన గుమాస్తాలు, అంతా చెదిరిపోయింది. ఆశ్రయాలు కట్టడం ఆగిపోయింది. బడ్జెట్‌లో రక్షణకు ఎంత శాతం కేటాయించినా, ఈ అల్లికను తిరిగి అల్లడానికి ఒక తరం పడుతుంది.

లోపలి నుంచి హెచ్చరికలు రాకపోలేదు. 2007 సెప్టెంబరులో రక్షణమంత్రి మికాయెల్ ఓడెన్‌బెర్గ్ బడ్జెట్ కోతలకు తాను బాధ్యత వహించలేనని రాజీనామా చేశారు. కోతల మీద పదవి వదులుకున్న రక్షణమంత్రులు ఐరోపాలో అరుదు. అయినా ఆయన వెళ్లిపోయాక విధానం ఏమీ మారలేదు. 2012 చివర్లో సర్వసైన్యాధిపతి స్వెర్కెర్ యోరాన్‌సన్ ఒక పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో, పరిమితమైన దాడిని ఎదుర్కొంటూ ఒకచోట మాత్రమే, అదీ ఒక వారం నిలవగలమని చెప్పారు. దేశం ఉలిక్కిపడింది. కొద్ది వారాలకే ప్రధాని ఫ్రెడ్రిక్ రైన్‌ఫెల్ట్ సైన్యాన్ని ఒక ప్రత్యేక ప్రయోజన వర్గంగా పేర్కొన్నారు, అంటే బడ్జెట్ ముందు చేయిచాచే అనేక వర్గాల్లో అదీ ఒకటి అన్న అర్థంలో. ఆ మాట ఆయనను నేటికీ వెంటాడుతోంది. 2013 గుడ్ ఫ్రైడే తెల్లవారుజామున రష్యా బాంబర్లు గోట్లండ్ దిశగా వచ్చి స్వీడన్ మీద దాడి అభ్యాసం చేసి వెనుదిరిగాయి. పండుగ సెలవుల్లో ఉన్న స్వీడన్ వాయుసేన నుంచి ఒక్క విమానం కూడా పైకి లేవలేదు. ఎదురు వెళ్లింది నాటో గస్తీలో ఉన్న డెన్మార్క్ ఎఫ్-16లు. 2014 అక్టోబరులో స్టాక్‌హోమ్ ద్వీపసమూహంలో విదేశీ జలాంతర్గామి జాడ కోసం రోజుల తరబడి వెతికినప్పుడు, జలాంతర్గాములను వేటాడే హెలికాప్టర్ స్వీడన్ దగ్గర ఒక్కటీ లేదు. పాతవాటిని విరమించారు, కొత్తవి ఇంకా సిద్ధం కాలేదు.

ఇక పరిశ్రమ సంగతి. సైన్యం కుదించుకుపోయిన వేగంతో కార్ఖానాలు కుదించుకుపోలేదు, చేతులు మారాయి. బోఫోర్స్ రెండు ముక్కలైంది. క్షిపణుల భాగం సాబ్‌కు, ఫిరంగుల భాగం ముందు ఒక అమెరికన్ కంపెనీకి, 2005లో దానితోపాటు బ్రిటన్‌కు చెందిన బీఏఈకి వెళ్లాయి. హెగ్లండ్స్ కూడా చివరికి బీఏఈ గూటికే చేరింది. కార్ల్స్‌కూగాలోని తుపాకీమందు కార్ఖానా ఫ్రెంచి యాజమాన్యం కిందికి వెళ్లింది. కార్ల్స్‌బోర్గ్ తూటాల కార్ఖానా నామ్మో అనే సంస్థలో ఉంది. దాని యజమానులు నార్వే ప్రభుత్వం, ఫిన్లాండ్‌కు చెందిన పాట్రియా. అర్ధశతాబ్దం పాటు తటస్థతకు పునాది అనుకున్నది పదేళ్లలో బహుళ దేశాల వాటాల పట్టికగా మారింది. మార్కెట్ లెక్కల్లో ఇందులో తప్పేమీ లేదు. మామూలు రోజుల్లో తేడా కూడా తెలియదు.

తేడా ఎక్కడ తెలిసిందో చెప్పడానికి కాకుమ్స్ కథ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు తెలిసినంతలో ఇటీవలి ఐరోపా రక్షణ చరిత్రలో దీన్ని మించిన పాఠం లేదు. కాకుమ్స్ జలాంతర్గాములకు ఒక ప్రత్యేకత ఉంది. స్టిర్లింగ్ ఇంజన్ సాయంతో అవి పైకి తేలి గాలి పీల్చుకోకుండా వారాల తరబడి నీటి అడుగున ఉండగలవు, చప్పుడు కూడా చాలా తక్కువ. 2005లో గోట్లండ్ అనే జలాంతర్గామిని సిబ్బందితో సహా అమెరికా నౌకాదళం అద్దెకు తీసుకుని రెండేళ్లు శాన్ డియేగోలో ఉంచుకుంది. విన్యాసాల్లో అది రోనాల్డ్ రీగన్ అనే భారీ విమానవాహక నౌకను ముంచినట్టు ఫలితం తేలింది. అంతటి విద్య ఉన్న ఆ నౌకానిర్మాణ రేవును 1999లో జర్మన్ నౌకానిర్మాణ సంస్థ హెచ్‌డీడబ్ల్యూకు అప్పగించారు. తరవాత ఆ సంస్థ టిస్సెన్‌క్రుప్ చేతికి పోయింది. జర్మన్ యజమానికి సొంత జలాంతర్గాములు ఉన్నాయి, వాటిని ప్రపంచమంతా అమ్ముకోవాలి. తన సొంత సరుకుతో పోటీపడే స్వీడిష్ సరుకును ఎందుకు ప్రోత్సహిస్తాడు? స్వీడన్ తన కొత్త తరం ఎ26 జలాంతర్గామి గురించి జరుపుతున్న బేరాలు ధర దగ్గర, సాంకేతిక హక్కుల దగ్గర తెగలేదు. ప్రభుత్వం ఓపిక నశించి సాబ్ వైపు తిరిగింది. సాబ్ ఆ రేవులోని ఇంజనీర్లను పిలిచి ఉద్యోగాలివ్వడం మొదలుపెట్టింది. 2014 ఏప్రిల్ 8న స్వీడన్ రక్షణ సామగ్రి సంస్థ అధికారులు సైనికుల తోడుగా మాల్మో రేవుకు వెళ్లి, రాజ్యానికి చెందిన రహస్య పరికరాలను తమకు అప్పగించమన్నారు. యాజమాన్యం గేట్లు మూసేసింది. తన సొంత ఊళ్లో, తన డబ్బుతో తయారైన పరికరాల కోసం ఒక ప్రభుత్వం తాళం వేసిన గేటు ముందు నిలబడింది. చివరికి ఆ ఏడాది జులైలో సాబ్ ఆ రేవును 340 మిలియన్ క్రోనర్లకు (స్వీడన్ కరెన్సీ) కొనేసింది. జర్మన్లు ఆ ధరకు ఒప్పుకోవడం వెనక, ఇంజనీర్లు వెళ్లిపోతే మిగిలేది గోడలేనన్న లెక్క ఉంది.

రేవు తిరిగి వచ్చింది గాని కాలం తిరిగి రాలేదు. 2015లో రెండు ఎ26 జలాంతర్గాములకు ఒప్పందం చేసుకున్నారు. మొదటిది 2022కు అందాలన్నది నాటి ప్రణాళిక. ఖర్చు పదేపదే పెరిగింది, గడువు పదేపదే జరిగింది, ఇప్పటి అంచనా ప్రకారం 2030 దాటాకే అది చేతికొస్తుంది. కారణాలు అనేకం ఉండవచ్చు. స్వీడన్ కొత్త జలాంతర్గామిని అంతకుముందు పూర్తిచేసింది 1990లలో అన్నది వాటిలో అన్నిటికన్నా పెద్దదని నా అభిప్రాయం. వెల్డరు చేతికి అలవాటు తప్పింది, డిజైన్ గదిలో పెద్దవాళ్లు పింఛనుకు వెళ్లారు.

ఎగుమతి మీద బతికే పరిశ్రమ మరొక మూల్యం కూడా చెల్లించవలసి ఉంటుంది. స్వీడన్ చట్టం ప్రకారం ఆయుధాల ఎగుమతి మూలసూత్రంగా నిషిద్ధం, అనుమతి దొరికితేనే మినహాయింపు. కానీ కార్ఖానాకు ఆర్డర్లు కావాలి. 1980లలో బోఫోర్స్ తన క్షిపణులను సింగపూర్ మీదుగా దుబాయ్‌కీ బహ్రెయిన్‌కీ దొంగచాటుగా పంపిన సంగతి ఆ సంస్థ ఇంజనీరు ఒకరి వల్లనే బయటపడింది. 2012లో ప్రభుత్వ రక్షణ పరిశోధన సంస్థ సౌదీ అరేబియాలో ఆయుధ కార్ఖానా పెట్టడానికి గుట్టుగా సాయపడుతోందని రేడియో వెల్లడించింది, రక్షణమంత్రి స్టెన్ టోల్‌ఫోర్స్ పదవి నుంచి తప్పుకున్నారు. మన బోఫోర్స్ కూడా ఈ వరసలోదే. సొంత సైన్యం కొనుగోళ్లు తగ్గేకొద్దీ పరాయి కొనుగోలుదారుడి బలం పెరుగుతుంది, విలువల గురించి బేరమాడే సత్తువ తగ్గుతుంది. ఇది నీతి లోపమని తేల్చేయడం కన్నా, బడ్జెట్ నిర్ణయానికి దూరంగా కనిపించే పర్యవసానమని అర్థం చేసుకోవడం మంచిది.

సొంత కొనుగోళ్లు తగ్గడం, పరాయి ఆర్డర్ల మీద ఆధారపడడం అనే ఈ రెండు ధోరణుల మధ్య నిలదొక్కుకున్న ఉదాహరణ సాబ్ తయారుచేసే గ్రిపెన్ యుద్ధవిమానం. 1988 డిసెంబరులో తొలిసారి ఎగిరిన ఆ విమానాన్ని స్వీడన్ తనకోసం 204 కట్టించుకుంది. కోతల కాలంలో సుమారు వంద మాత్రమే నడపాలని నిర్ణయించి, మిగులు విమానాలను చెక్, హంగరీలకు అద్దెకిచ్చింది. కొత్త తరం గ్రిపెన్‌కు సొంత బడ్జెట్ ఒక్కటే చాలదు కనుక స్విట్జర్లాండ్‌ను భాగస్వామిగా చేసుకోవాలనుకున్నారు. 2014 మేలో స్విస్ ప్రజలు రెఫరెండంలో దాన్ని తోసిపుచ్చారు. ఆ ఏడాదే బ్రెజిల్ 36 విమానాలకు ఒప్పందం కుదుర్చుకోవడంతో ప్రాజెక్టు గట్టెక్కింది. ఇక్కడ మనకు సంబంధించిన సంగతి ఒకటి ఉంది. తొలి తరం గ్రిపెన్ ఇంజన్ అమెరికాకు చెందిన జీఈ ఎఫ్404 ఆధారంగా చేసినది. మన తేజస్‌లో ఉన్నదీ అదే కుటుంబపు ఇంజన్. కొత్త గ్రిపెన్‌లోని ఎఫ్414ను తేజస్ మార్క్-2 కోసం మనమూ ఎంచుకున్నాం. ఇంజన్ పరాయిదైతే, విమానాన్ని మూడో దేశానికి అమ్మేటప్పుడు వాషింగ్టన్ అనుమతి కావాలి. 1940లో చేదు అనుభవం చవిచూసిన దేశం కూడా ఈ ఒక్క చోట రాజీపడింది. ఫైటర్ ఇంజన్‌ను సొంతంగా రూపొందించే ఖర్చు అంత భారం మరి.

2014లో క్రిమియా ఆక్రమణ తరవాత దిశ మారింది. 2017లో నిర్బంధ శిక్షణ మళ్లీ మొదలైంది, ఈసారి ఆడపిల్లలకూ వర్తించేలా. 2018 జనవరిలో గోట్లండ్‌లో రెజిమెంటును తిరిగి స్థాపించారు. 2019లో నౌకాదళ ప్రధాన కార్యాలయం ముస్కో కొండ లోపలికి తిరిగి వెళ్లింది. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్‌కు 5,000 ట్యాంకు విధ్వంసక ఆయుధాలు పంపినప్పుడు, యుద్ధంలో ఉన్న దేశానికి ఆయుధాలివ్వడం 1939లో ఫిన్లాండ్ తరవాత ఇదే మొదటిసారని ప్రధాని చెప్పుకున్నారు. రెండు వందల ఏళ్ల కూటమి రహిత విధానాన్ని వదిలి 2024 మార్చి 7న స్వీడన్ నాటోలో చేరింది. ఒకప్పుడు దాదాపు 1 శాతానికి పడిపోయిన రక్షణ వ్యయం 2 శాతం దాటింది. 2030కల్లా 3.5 శాతానికి చేర్చడానికి సుమారు 300 బిలియన్ క్రోనర్లు అప్పు చేస్తామని 2025 మార్చిలో ప్రభుత్వం ప్రకటించింది. అప్పుల పట్ల స్వీడన్‌కున్న భయం 1992 నాటిది. దాన్ని దాటారంటే భద్రత గురించిన అంచనా ఎంత మారిందో ఊహించవచ్చు.

అప్పు చేయగల స్తోమత కూడా కోతల కాలం ఇచ్చినదేనని గమనించాలి. ప్రభుత్వ రుణం స్థూల ఉత్పత్తిలో మూడో వంతు దగ్గర ఉండబట్టే ఇది సాధ్యమైంది. ఫ్రాన్స్‌కో ఇటలీకో ఆ వెసులుబాటు లేదు. కోతలన్నీ దండగ అనే సైనికాధికారులకు నేనిచ్చే సమాధానం ఇదే. అయితే రక్షణ సామగ్రి సంస్థకు ఇప్పుడున్న కొరత వేరు. డబ్బు ఉంది, ఫిరంగి గుండ్లు లేవు. గుండ్లు చేసే కార్ఖానా ఉంది, అందులోకి వెళ్లవలసిన నైట్రోసెల్యులోజ్ అనే తుపాకీమందు ముడిపదార్థం కోసం ఐరోపా అంతా పోటీ పడుతోంది. శిక్షణకు యువకులున్నారు, నేర్పే సార్జెంట్లు తక్కువ. ఆర్చర్ ఫిరంగులను యుక్రెయిన్‌కు 8 ఇచ్చి, బ్రిటన్‌కు 14 అమ్మిన తరవాత సొంత దళాలకు కొత్తవి వచ్చేదాకా ఖాళీ మిగిలింది.

లిన్‌షోపింగ్‌లోని సాబ్ విమాన కార్ఖానాలో ఇప్పుడు నడుస్తున్న వాదన వినదగినది. స్వీడన్ తనకోసం 60 కొత్త గ్రిపెన్‌లు ఆర్డర్ చేసింది. వాటిలో మొదటిది 2025 అక్టోబరులో స్కారాబోర్గ్ వాయుదళానికి అందింది. అదే నెలలో యుక్రెయిన్ 100 నుంచి 150 వరకు కొనేందుకు సంసిద్ధత తెలుపుతూ పత్రం మీద సంతకం చేసింది. థాయ్‌లాండ్ మరికొన్ని కోరింది, కొలంబియా 17 కొంటోంది, పోలండ్ మూడు ఎ26 జలాంతర్గాములను ఎంచుకుంది. ముప్ఫై ఏళ్లుగా పని కోసం బయటి ఆర్డర్లు వెతుక్కున్న కార్ఖానాలో ఇప్పుడు సొంత వాయుసేనా, మిత్రదేశాలూ ఒకే వరసలో నిలబడ్డాయి. బ్రెజిల్‌లోని గావియావ్ పెయిషోటోలో ఉన్న రెండో తయారీ శ్రేణి మీద ఎంత బరువు వేయవచ్చు, ఆలస్యం తప్పనప్పుడు ఎవరి విమానం వెనక్కి జరగాలి అన్నది ఇంకా తేలలేదు. యుక్రెయిన్ కొనుగోలుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నదీ తేలలేదు. ఇవి తేలితే గానీ రానున్న పదేళ్ల స్వీడన్ వాయుసేన బలం ఎంతో లెక్క కట్టలేం.

ఇక మీ ప్రశ్నలు చీటీల మీద రాసి పంపితే, తెలిసినంతవరకు జవాబు చెబుతాను.